కిమోయ్, మత్సు దీవులు: కెన్నెడీకి, నిక్సన్‌కి తేడా ఎక్కడ?

తైవాన్‌ను కాపాడతామని ఇద్దరూ అన్నారు కదా, మరి 1960 అమెరికా అధ్యక్ష అభ్యర్థుల డిబేట్లలో ఆ చిన్న దీవుల మీద గొడవేమిటి, సెమినార్ పేపర్లో ఏం రాయాలి అని అడిగారు. ముందు 1954 నాటి అమెరికా-తైవాన్ రక్షణ ఒప్పందం చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. అందులో తైవాన్, దాని పక్కనున్న పెస్కడోర్స్ దీవుల పేర్లే ఉన్నాయి. చైనా తీరానికి ఆనుకుని, తైవాన్ పాలకుడు చియాంగ్ కై-షేక్ సేనల చేతిలో ఉన్న కిమోయ్, మత్సు పేర్లు లేవు. 1955 ఫార్మోసా (తైవాన్ పాత పేరు) తీర్మానంతో అమెరికా కాంగ్రెస్, ఈ దీవులను కాపాడాలా వద్దా అన్న నిర్ణయాన్ని అధ్యక్షుడికి వదిలేసింది. 1958లో చైనా కిమోయ్ మీద ఫిరంగులు పేల్చింది కూడా, కాబట్టి ఇది ఉత్త కాగితాల తగాదా కాదు.

అక్టోబర్ 7 డిబేట్‌లో కెన్నెడీ, ఆ దీవులను కాపాడటం సైనికంగా కష్టం, రక్షణ గీత తైవాన్ దగ్గరే గీయాలన్నాడు. నిక్సనేమో ఇది సూత్రానికి సంబంధించిన విషయం, ఒకటి వదిలితే కమ్యూనిస్టులు ఇంకోటి అడుగుతారన్నాడు. 13న మళ్లీ ఇదే వాదన. ఆ తర్వాత ఇద్దరూ అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విధానం దగ్గరికే జరిగారు: దీవుల మీద దాడి తైవాన్ మీద దాడికి తొలిమెట్టు అయితేనే జోక్యం. మీకు తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. ప్రచారం చివరి వారాల ప్రకటనలు పక్కన పెట్టి, ముందు ఆ రెండు డిబేట్ల ట్రాన్‌స్క్రిప్టులు చదవండి.