బెంగళూరులో ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే తండ్రి పిల్లలతో కుటుంబ ప్రార్థన ఎలా నడిపించాలి?

పది నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన నాన్న, నిద్రకి తూగుతున్న పిల్లల్ని కూర్చోబెట్టి అరగంట ప్రసంగం చేస్తే వాళ్లకి ప్రార్థనంటేనే విసుగు పుడుతుంది. "మీ పిల్లలకు కోపము రేపక" అని బైబిల్లో ఎఫెసీ 6:4 హెచ్చరించింది తండ్రులనే కదా!

ఒక పాట, నాలుగైదు వచనాలు, తర్వాత పిల్లల చేత ప్రార్థన చేయించండి. 117వ కీర్తన రెండే వచనాలు, దాంతో మొదలుపెట్టొచ్చు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి కాబట్టి తేదీని బట్టి ఒక్కోటి తీసి కొంత చదవండి. ఇక్కడ పెరిగే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, బైబిల్లోని గ్రాంథికం అయితే అసలు ఎక్కదు, అందుకని మీరు చదివి మామూలు మాటల్లో చెప్పండి, వాళ్లు ఇంగ్లిష్ బైబిల్లో చూసుకుంటారు. "ప్రభువా, రేపు మ్యాథ్స్ టెస్టు, టెన్షన్‌గా ఉంది" అని చిన్నోడు అంటే సరిదిద్దకండి, అది కూడా ప్రార్థనే.

నైట్ షిఫ్టు ఉన్న రోజు మానేయక్కర్లేదు, అమ్మ నడిపిస్తుంది. పౌలు శిష్యుడైన తిమోతి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదేనని 2 తిమోతి 1:5లోనే ఉంది.