డాక్టర్ సలహా: ఇంట్లో ఏ లోటూ లేదు... అయినా తలుపు తీసి లోపలికి వెళ్లబుద్ధి కావడం లేదు!

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. మావారు మంచివారు, పిల్లలిద్దరూ బాగా చదువుకుంటున్నారు. అత్తగారు మాతోనే ఉంటారు. ఎవరు అడిగినా ‘మాకేం లోటు’ అనే చెబుతాను. కానీ ఏడెనిమిది నెలలుగా సాయంత్రం ఇంటికొచ్చాక గొళ్లెం మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు అలాగే నిలబడిపోతున్నాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. పిల్లల మీద ఊరికే విసుక్కుని, తర్వాత నాలో నేనే బాధపడుతున్నాను. ఇది జబ్బా? ఇంటివాళ్ల మీద నాకు ప్రేమ తగ్గిపోయిందా? మిగతావాళ్లు ఇళ్లలో నిజంగానే సంతోషంగా ఉంటున్నారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కుటుంబ జీవితం ఎలా ఉందని అడిగి మార్కులు వేయమంటే చాలామంది సగం కంటే ఎక్కువే వేస్తారు. వాళ్లు అబద్ధమేమీ చెప్పరు. అయితే ఆ మార్కు వేసేటప్పుడు మనిషి తన బతుకును కాస్త దూరంగా నిలబడి, మొత్తంగా చూసి తూకం వేస్తాడు. ఎడ్ డీనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన జీవిత సంతృప్తి కొలమానంలో ఉన్నవి ఐదే వాక్యాలు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేసుకుంటే మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. మీరు వేసుకుంటే బహుశా మంచి మార్కులే వస్తాయి. ఎందుకంటే మీరు ‘మాకేం లోటు’ అన్నది ఆ తూకంలోంచి వచ్చిన మాటే.

ఇక రోజు ఎలా గడిచిందన్నది వేరే సంగతి. డేనియల్ కానెమన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2004లో 909 మంది ఉద్యోగినుల చేత ముందురోజును ఒక్కో ఘట్టంగా గుర్తు చేయించి, ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయించింది. పిల్లల పనులు చూసిన సమయానికి ఆ తల్లులు ఇచ్చిన మార్కులు టీవీ చూసిన సమయానికి ఇచ్చిన వాటికంటే తక్కువ. అంతమాత్రాన వాళ్లకు పిల్లల కంటే టీవీ ఎక్కువ అనగలమా? హోంవర్కు పుస్తకం ముందు ఒక పిల్లవాడు మొండికేస్తుండగా రెండోవాడు పెన్సిల్ పోయిందని ఏడుస్తుంటే, ఆ అరగంట ఎవరికీ హాయిగా ఉండదు, అంతే. కాబట్టి ప్రేమ తగ్గిపోయిందేమోనన్న అనుమానాన్ని కొంతకాలం పక్కన పెట్టండి. మీ ఉత్తరం చదివితే నాకు కనిపిస్తున్నది ప్రేమ ఇంకిపోయిన మనిషి కాదు, ఓపిక ఇంకిపోయిన మనిషి. ఆ ఓపిక ఎక్కడ ఖర్చవుతోందో వెతకడమే ఇప్పుడు మన పని.

ఆ వెతుకులాట శరీరంతో మొదలుపెట్టాలి. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా, షుగర్ అదుపు తప్పినా మనిషి నీరసంగా, చిరాకుగా తయారవుతాడు. అది తెలియక తప్పంతా సంసారానిదేనని నిర్ణయానికి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. పైగా మీ వయసులో నెలసరి ఆగిపోవడానికి ముందు దశ మొదలై ఉండవచ్చు. హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు వచ్చి నిద్ర చెదురుతుంది, కోపం ముక్కు మీదే ఉంటుంది. నెలసరి తేదీలు ఈ మధ్య అటూ ఇటూ అవుతున్నాయేమో గమనించండి. గురక ఎక్కువగా ఉండి, ఎంత పడుకున్నా పగలు కునుకు వస్తుంటే అదీ డాక్టరుకు చెప్పాలి. నిద్ర పట్టడం లేదు కదా అని మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోకండి.

తెల్లవారుజామున మెలకువ రావడానికి మరో కారణం కుంగుబాటు, అంటే డిప్రెషన్. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ మనసు దిగులుగా ఉన్నా, ఒకప్పుడు ఇష్టంగా చేసిన వాటి మీద ఆసక్తి పోయినా, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, తానెందుకూ కొరగానన్న భావన వెంటాడుతున్నా అది జబ్బే, దానికి వైద్యం ఉంది. మీరు ఇంటికొచ్చేటప్పటి బరువు గురించి రాశారు. ఆఫీసులో, స్నేహితులతో ఉన్నప్పుడు తేలిగ్గానే ఉంటోందా, లేక అక్కడా అన్నీ చప్పగానే ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. నేను ఎదురుగా ఉంటే మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. అన్నిచోట్లా చప్పగా ఉంటే డిప్రెషన్ అనుమానం బలపడుతుంది. ఇంటి దగ్గరే అయితే చూపు ఇంటి పనుల వైపు తిప్పాలి.

ఇంటి వాతావరణం శరీరం మీద పనిచేస్తుందన్నది ఊహ కాదు. కీకోల్ట్-గ్లేజర్ అనే పరిశోధకురాలి బృందం 2005లో 42 జంటల చేతుల మీద చిన్నచిన్న బొబ్బలు కలిగించి, అవి మానే తీరును గమనించింది. ఒకరి మీద ఒకరు ఎక్కువ వైరభావం చూపిన జంటల్లో అవి మానే వేగం మిగతావారితో పోలిస్తే 60 శాతమే ఉంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన దీర్ఘకాలిక అధ్యయనంలోనూ, 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉంటారో చెప్పడానికి 50 ఏళ్లప్పటి కొలెస్టరాల్ కంటే అప్పటి అనుబంధాల్లో ఉన్న సంతృప్తే మెరుగ్గా పనికొచ్చింది.

మీ విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది వేరొకటి. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి బాగా తగ్గాలి. సాక్స్‌బీ, రెపెటీ అనే పరిశోధకులు 2010లో, భార్యాభర్తలు తమ ఇల్లంతా తిప్పి చూపిస్తూ మాట్లాడిన మాటలను, వారి కార్టిసాల్ కొలతలను పక్కపక్కన పెట్టి చూశారు. ‘అంతా చిందరవందర, ఇంకా బోలెడు పని మిగిలింది’ అన్న ధోరణిలో మాట్లాడిన భార్యల్లో ఆ హార్మోన్ తగ్గాల్సినంతగా తగ్గలేదు. వాళ్లకు ఇల్లు చేరడమంటే పని ముగియడం కాదు, రెండో డ్యూటీ ఎక్కడం. గొళ్లెం మీద చెయ్యి వేసి మీరు నిలబడే ఆ రెండు నిమిషాలు అలాంటివే కావచ్చు. తర్వాత వచ్చిన మరో పరిశోధనలో, భర్తలు ఇంటి పనికి ఎక్కువ సమయం ఇచ్చిన ఇళ్లలో భార్యల కార్టిసాల్ సాయంత్రం వేళ బాగా దిగినట్టు తేలింది.

ఇప్పుడు మీరు చేయవలసినది. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని రెండు వారాల పాటు రోజుకు మూడుసార్లు, అంటే లేవగానే, ఇంటికి రాగానే, పడుకునే ముందు, ఆ క్షణాన మనసు ఎలా ఉందో పదికి ఒక అంకె, పక్కన అప్పుడు చేస్తున్న పని ఒక ముక్కలో రాయండి. మీవారితో కూడా ఇంటి జీవితానికి మార్కులు వేయించాలా అని మీకు సందేహం రావచ్చు. తప్పకుండా వేయించండి, కానీ ఒకరి కాగితం ఒకరు చూడకుండా. ఒకసారి నా గదిలోనే ఒక జంట చేత అలా రాయిస్తే, ఆయన తొమ్మిది వేశారు, ఆవిడ ఐదు వేశారు. ఆయన ఆ ఐదు వైపు చాలాసేపు చూసి, ‘మరి ఎప్పుడూ చెప్పలేదేం?’ అన్నారు. ఆవిడ మాట్లాడలేదు. ఒకే ఇంట్లో రెండు అంకెలు ఉండడం వింత కాదు. (ఇలాంటి ఉత్తరాలు మగవాళ్లు రాయరు. వాళ్లు గ్యాస్ అనో, గుండె బరువుగా ఉందనో వస్తారు, ఈసీజీ బాగానే ఉందన్నాక అసలు సంగతి మెల్లగా బయటపడుతుంది.)

పని పంచుకునేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అత్తగారి బీపీ మాత్రలు తెచ్చిపెట్టడం మీవారి వంతు అనుకుంటే, అవి ఎప్పుడు అయిపోతాయో చూసుకోవడం కూడా ఆయన వంతే కావాలి. ‘చెబితే తెస్తాను కదా’ అన్న ఒప్పందంలో నడక ఆయనది, బరువు మీది. చేతులతో చేసే పని కంటే తలలో మోసే పనే మనిషిని ఎక్కువగా అలసగొడుతుందని నా అభిప్రాయం, అది ఇంట్లో ఎవరికీ కనిపించదు కూడా. అలాగే మీరు ఇంటికొచ్చిన మొదటి ఇరవై నిమిషాలు, ప్రాణం మీదకు వచ్చిన పని తప్ప, మిమ్మల్ని ఎవరూ ఏదీ అడగకూడదని పిల్లలతో సహా అందరితో మాట తీసుకోండి. పిల్లల మీద విసుక్కున్న రోజున లోలోపల కుమిలిపోయే బదులు, ‘ఇందాక అరిచాను, తప్పు నీది కాదు, అలసటగా ఉంది’ అని ఒక్క మాట చెప్పండి, పిల్లలకు అది చాలు.

ఒకవేళ మీరు రాయని మరేదైనా కారణం, అంటే మాటలతో గానీ చేతలతో గానీ హింస, ఎవరినైనా చూసి భయం, ఆ తలుపు వెనుక ఉంటే పై సలహాలు మీకు వర్తించవు. ఆ సంగతి నమ్మకమైన మనిషికి, మీ డాక్టరుకు వెంటనే చెప్పాలి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

అలాంటిదేమీ లేకపోతే ఈ వారంలోనే రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలయ్యాక ఆ రిపోర్టులు, అంకెలు రాసిన పుస్తకం, ఈ ఏడాది నెలసరి తేదీలు పట్టుకుని ఫిజీషియన్‌ను కలవండి. వీలైతే మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి.