సమ్మె చేసేవాళ్లు గేటు బయట కాకుండా ఫ్యాక్టరీ లోపలే ఎందుకు కూర్చుంటారు?

మా భీమవరం వైపు ఒక రైసు మిల్లుని ఊహించుకోండి. బస్తాలు మోసే ముఠా కూలీలు గేటు బయట టెంటు వేసుకుని కూర్చుంటే, యజమాని పక్క ఊరి నుంచి నాలుగు ఆటోల్లో వేరే మనుషుల్ని దింపి బస్తాలు ఎత్తించేస్తాడు. సమ్మె నీరుగారిపోతుంది. అదే వాళ్లు లోపల, మిషన్ల పక్కనే కూర్చుంటే? కొత్తవాళ్లకి నిలబడే చోటే ఉండదు. పోలీసులు తోసుకొస్తే దెబ్బతినేది ఖరీదైన మిషన్లే కాబట్టి యజమాని కూడా తటపటాయిస్తాడు. కిటుకంతా అక్కడే ఉంది.

పేరుపడ్డ ఉదాహరణ అమెరికాలోని ఫ్లింట్. 1936 డిసెంబర్ 30న కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్ కంపెనీ కార్మికులు లోపలే ఉండిపోయారు, 44 రోజులు. గడ్డకట్టే చలిలో కంపెనీ హీటింగ్ ఆపేసింది. పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే, లోపలివాళ్లు ఫైర్ హోస్ నీళ్లతో, ఇనుప విడిభాగాలతో తిప్పికొట్టారు. భోజనాలు బయట వండి పంపేవారు. నన్నడిగితే సగం పోరాటం ఆ వంటవాళ్లదే. ఆ రాష్ట్ర గవర్నర్ మర్ఫీ నేషనల్ గార్డ్ అనే సైనిక దళాన్ని దింపాడు గానీ కార్మికుల్ని గెంటించలేదు. 1937 ఫిబ్రవరి 11న కంపెనీ దిగొచ్చి యూనియన్‌ని గుర్తించింది.

అదే 1936లో ఫ్రాన్స్ కార్మికులు ఇలాగే కూర్చున్నాక వారానికి 40 గంటల పని, జీతంతో రెండు వారాల సెలవు వచ్చాయి.

చట్టం దగ్గర మాత్రం టెన్షనే. ఇలా ఆక్రమించినవాళ్లని పనిలోంచి తీసేయొచ్చని 1939లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర పెన్ డౌన్, అంటే ఆఫీసులో సీట్లోనే కూర్చుని పని ఆపేయడం కూడా సమ్మె కిందికే వస్తుందని 1959లో మన సుప్రీంకోర్టు చెప్పింది. మేనేజర్‌ని గదిలోంచి కదలనివ్వకపోతే అది ఘెరావ్, దాని కేసులు వేరు.