పార్కుల్లో జనాన్ని గమనించే చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మేం సీఎస్ఈ అనుకున్నాం. తనేమో పార్కులను, రోడ్లను జనం ఎలా వాడుకుంటున్నారో ఏఐతో తెలుసుకునే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉంటుందా?
— ఒక తండ్రి

జవాబు: ఉంటుందండీ. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ పడదు. నగరాలకు ప్రణాళికలు వేసే ప్లానింగ్ కన్సల్టెన్సీల్లో, ట్రాఫిక్ సర్వేలు చేసేచోట, పరిశోధన సంస్థల్లో దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు మాత్రం ఇందులో ఉండవు.

అమెరికాలో విలియం వైట్ అనే ఆయన 1970ల నుంచి న్యూయార్క్ కూడళ్లలో జనాన్ని ఫిల్ము తీసి, ఎవరెక్కడ కూర్చుంటున్నారో, ఎక్కడ ఆగి మాట్లాడుకుంటున్నారో ఓపిగ్గా చూసి రాసుకున్నారు. అలాంటి పాత ఫిల్ములను, 2010 ప్రాంతంలో అవే చోట్ల తీసిన వీడియోలను పక్కపక్కన పెట్టి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈమధ్య ఏఐతో లెక్కగట్టారు. నడక వేగం 15 శాతం పెరిగింది, ఆగి నిలబడేవాళ్లు 14 శాతం తగ్గారు. మనుషులు కూర్చుని చూస్తే నెలలు పట్టే పని ఇది.

అయితే కారణం కెమెరాకు తెలియదు. భద్రకాళి బండ్ మీద ఒక బెంచీ రోజూ సాయంత్రం ఖాళీగా ఉంటోందనుకోండి. ఎండ ఇంకా పడుతోందా, లైటు వెలగడం లేదా, పక్కనే కుర్రాళ్ల గుంపు ఉందని ఆడపిల్లలు తప్పుకుని పోతున్నారా? అక్కడికి వెళ్లి నలుగురినీ అడగాల్సిందే. కోడింగ్ నేర్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇలా అడిగి తెలుసుకునే ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉంటే, దాన్ని చిన్నచూపు చూడకండి.

ఉందో లేదో ఇప్పుడే తేలుతుంది. పబ్లిక్ గార్డెన్‌కు తోడు వెళ్లండి. కాగితం మీద గార్డెన్ పటం గీసి, ఒక గంటసేపు ఎవరు కూర్చున్నారో, ఎవరు నడిచారో, ఆడవాళ్లెందరో, పెద్దవాళ్లెందరో గుర్తులు పెట్టమనండి. వేరే రోజు అదే వేళకు మళ్లీ. విసుగు రాకపోతే పైథాన్ కోడింగ్, పటాల మీద డేటాను చూపే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టవచ్చు. ఎవరి ముఖాలూ వీడియో తీయొద్దని గట్టిగా చెప్పండి. వ్యక్తిగత డేటాకు 2023లో చట్టమే వచ్చింది. అది లేకపోయినా అడగకుండా తీయడం తప్పే.

చదువు విషయానికొస్తే, విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) నాలుగేళ్ల బీప్లాన్, అంటే ప్లానింగ్ డిగ్రీ ఉంది. దానికి జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపర్ అయిన 2బీ రాయాలి. సీఎస్ఈ చేసి తర్వాత ఎంప్లాన్‌కు (ప్లానింగ్‌లో పీజీ) వెళ్దామంటే చాలాచోట్ల ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ లాంటివి చదివినవాళ్లకే అర్హత ఉంటుంది. అందుకే నా ఓటు బీప్లాన్‌కే. మీకు టెన్షన్‌గా ఉంటే, జేఈఈ ఫారంలో బీటెక్ పేపర్‌తో పాటు 2బీ కూడా పెట్టించండి. రెండూ రాయనివ్వండి, ర్యాంకులు వచ్చాక అమ్మాయితో కూర్చుని తేల్చుకోవచ్చు.