టెక్ సందేహాలు: వైరు వంచితేనే ఛార్జింగ్ ఎక్కుతోందా?

ప్రశ్న: మాది తెనాలి. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. నెల రోజుల నుంచి ల్యాప్‌టాప్ సతాయిస్తోంది. ఛార్జర్ పిన్ను కాస్త పైకెత్తి, కింద పుస్తకం ఆనిస్తేనే ఛార్జింగ్ ఎక్కుతోంది. కొంచెం కదిలినా ఆగిపోతోంది. షాపులో చూపిస్తే బ్యాటరీ మార్చాలి, మదర్‌బోర్డు కూడా పోయి ఉండొచ్చు అన్నారు. వచ్చే వారం ప్రాజెక్టు ఇవ్వాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పుస్తకం తీసేయండమ్మా. ఛార్జ్ ఉన్నప్పుడే ప్రాజెక్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించండి. మిగతాదంతా ఆ తర్వాతే.

పుస్తకం ఎందుకు తీయమన్నానంటే, మీది లూజ్ కాంటాక్ట్. 65 వాట్ల ఛార్జర్ 19.5 వోల్టుల దగ్గర ఇచ్చే కరెంటు సుమారు 3.3 ఆంపియర్లు. పిన్నూ, అది దూరే ల్యాప్‌టాప్ రంధ్రం అంటే జాకూ సరిగ్గా అంటుకోక ఆ అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, బఠాణీ గింజంత చోట ఐదున్నర వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి జాకు ప్లాస్టిక్ మెత్తబడి, లోపలి స్ప్రింగు పట్టు సడలి, కాంటాక్ట్ ఇంకా లూజవుతుంది. అప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది. జాకుతో పోయే రిపేరు మదర్‌బోర్డు దాకా పాకేది ఇలాగే. పిన్ను తీసి వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చురుక్కుమన్నా, కాలిన వాసన వచ్చినా, పిన్ను చుట్టూ గోధుమ రంగు మరక కనిపించినా ఇక ఆ ఛార్జర్ పెట్టకండి.

షాపువాళ్లు బ్యాటరీ అన్నారు కదా, అది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. బ్యాటరీ పాడైతే ఛార్జ్ తొందరగా దిగిపోతుంది, లేదా ఎక్కడం మానేస్తుంది. అంతేగానీ వైరు కదిపినంత మాత్రాన ఛార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉండదు. మీ విషయంలో తెగుతున్నది గోడ సాకెట్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య ఎక్కడో ఒకచోట. గోడ వైపు నుంచి వరసగా చూసుకుంటూ రండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. గోడ నుంచి వచ్చే మూడు రంధ్రాల వైరు అడాప్టర్ డబ్బాలో పూర్తిగా దిగిందో లేదో గట్టిగా నొక్కి చూడండి. చాలామంది దీన్ని పట్టించుకోరు, తీరా చూస్తే తేడా అక్కడే ఉంటుంది.

అడాప్టర్ మీద లైటు ఉంటే దాన్ని గమనించండి. పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఆ లైటు ఆరిపోతే లోపల ఎక్కడో షార్ట్ అయి ఉండొచ్చు, లేదా అడాప్టరే నీరసించి ఉండొచ్చు. లైటు నిలకడగా వెలుగుతూ ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ మాత్రమే వస్తూ పోతుంటే ఈ పరీక్ష చేయండి. ఎడమ చేత్తో పిన్నును జాకులో కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో పిన్నుకు నాలుగు వేళ్ల దూరంలో వైరును మెల్లగా అటూ ఇటూ వంచండి. ఛార్జింగ్ గుర్తు మిణుకుమంటే వైరులో తీగలు తెగాయి. ఈసారి వైరును వదులుగా ఉంచి, పిన్నునే కాస్త పైకీ కిందికీ నొక్కండి. అప్పుడు మిణుకుమంటే తప్పు జాకుది. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది, అయినా చేసి చూసి నిర్ధారించుకోండి. మూత తెరిచి మూసేటప్పుడు ఆగుతుంటే మాత్రం విరిగిన హింజ్ (మూత కీలు) జాకును నొక్కుతోందేమో చూపించాలి.

వోల్టులు కొలిచే మల్టీమీటరు దొరికితే డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి పిన్ను దగ్గర చూడండి. 20 రేంజిలో పెడితే 20 వోల్టుల అడాప్టర్లకు చిన్న మీటర్లు ఒకటి అంకె చూపించి ఊరుకుంటాయి. నల్ల ముల్లు పిన్ను బయటి గొట్టానికి, ఎర్ర ముల్లు లోపలి గోడకు ఆనించాలి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకూడదు. డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో ఉండే సన్నటి సూది కరెంటు కోసం కాదు, ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పడానికి. అది వంగినా విరిగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. డెల్ అయితే అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద చూపిస్తుంది కూడా.

మీటరు 19.5 చూపించినంత మాత్రాన అడాప్టర్ మంచిదని తీర్మానించకండి. వైరులో రెండు మూడు తీగలే మిగిలినా, లోడు లేనప్పుడు, అంటే ల్యాప్‌టాప్‌కు పెట్టనప్పుడు, వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. పని మొదలయ్యాకే పడిపోతుంది. హాస్టల్లో అదే మోడల్ ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్ల ఛార్జర్ ఐదు నిమిషాలు అడిగి పెట్టి చూడండి. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

జాకే అని తేలితే, అది ఏ రకమో తెలుసుకోవాలి. కొన్ని మోడళ్లలో జాకు చిన్న వైరు ముక్కతో వచ్చి బోర్డు మీది కనెక్టర్‌లో గుచ్చి ఉంటుంది. బ్యాటరీ కనెక్టర్ ముందు ఊడదీసి, పాతది తీసి కొత్తది గుచ్చితే సరిపోతుంది. మరికొన్నింటిలో జాకును నేరుగా బోర్డుకే సోల్డర్ చేస్తారు, అంటే లోహం కరిగించి అతికిస్తారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. జాకు గ్రౌండ్ కాలు వెడల్పాటి రాగి పొరకు అతుక్కుని ఉండడంతో వేడినంతా అది లాగేస్తుంది. 25 వాట్ల చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సోల్డర్ పూర్తిగా కరగకముందే గుంజితే జాకుతో పాటు బోర్డు మీది రాగి కూడా లేచి వస్తుంది. లూజైన జాకులో ఫెవిక్విక్ మాత్రం పోయకండి. ఆ జిగురు లోపలికి దిగి కాంటాక్ట్ మీద పొరలా ఆరితే కరెంటు పారదు.

షాపుకు వెళ్లినప్పుడు 'ఛార్జింగ్ రావడం లేదు' అనకండి. 'జాకు లూజ్, అడాప్టర్ బాగానే ఉంది, వేరేది పెట్టి చూశాను, జాకు మార్చడానికి ఎంత?' అని అడగండి. తీసిన పాత జాకును మీ చేతికి ఇమ్మనండి. ఒకవేళ అడాప్టరే మార్చాల్సి వస్తే వోల్టులు పాతదాని మీద ఉన్నన్నే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు లేని అడాప్టర్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

ప్రశ్న: ఛార్జింగ్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ బాడీ తాకితే చేతికి సన్నగా జివ్వుమంటోంది. ప్రమాదమా?

జవాబు: అడాప్టర్‌లో కరెంటును వడగట్టే చిన్న భాగాలైన ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు బయటి లోహానికి చేరుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి వెళ్లిపోతుంది, లేకపోతే మీ చేతికి తెలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టారేమో చూడండి, ఉంటే తీసేయండి. మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టినా జివ్వుమంటుంటే ఇంటి ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. సొంత ఇల్లయితే ఎర్త్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది, దాంట్లో నీళ్లు పోస్తుండాలి. జివ్వుమనడం కాకుండా చెయ్యి లాగేసుకునేంత షాక్ కొడితే గోడ స్విచ్ ఆపి, ఆ అడాప్టర్‌ను మళ్లీ వాడకండి.