వెనక వరస వయొలిన్: మేనకోడలికి ఉత్తరం

తిరుపతి

అమ్మణ్ణీ, ఆశీస్సులు.

మహతి ఆడిటోరియంలో జరగబోయే టీవీ కచేరీకి రెండో వయొలిన్ల వరసలో నిన్ను తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వాయిద్యం నువ్వు సంగీత కళాశాలలో నేర్చుకున్నదే కానీ, ఇక్కడ దానితో చేయాల్సిన పని వేరు. కచేరీలో పక్కవాద్యానికి కూర్చుంటే గాయని వేసిన సంగతిని, అంటే పాట పంక్తిని మార్చి పాడిన తీరుని, నీడలా వెంటపడి పట్టుకోవాలి. ఇక్కడ ఆ పని చేస్తే తప్పు. 12 వయొలిన్లు తలా ఒక నీడ పట్టుకుంటే టీవీలో వినబడేది రొద. రాసిచ్చిన స్వరం, రాసిచ్చిన చోట, పక్కమనిషి కమానుతో కలిపి వాయించాలి. పాడే మనిషి మొహం జనం వైపు ఉంటుంది, వీపు మీ వైపు. కార్యక్రమం మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం రాకూడదు. కింద రాసేదంతా దానికోసమే.

పాటల జాబితా చేతికి రాగానే ప్రతి పాట పక్కన శ్రుతి రాసుకో. పాత రికార్డులో ఐదున్నర శ్రుతిలో (జి షార్ప్) ఉన్న పాటని ఇప్పుడు ఐదుకో నాలుగున్నరకో దించి పాడడం పెద్ద గాయకులకు మామూలే, అందులో నామోషీ ఏమీ లేదు. చిక్కంతా మనకే. కీబోర్డు అబ్బాయి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి, వేళ్ళు పాత చోటే పెట్టి వాయించేస్తాడు. నీ ముందున్న కాగితం మాత్రం పాత శ్రుతిలోనే ఉంటుంది. రిహార్సల్ రోజే కాగితం మార్పించు. "చూస్తూ చూస్తూ అర స్వరం దించేస్తాలే" అనుకోవద్దు, మూడో పాటకి బుర్ర తిరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడుంటే ఇంకో మెలిక ఉంది. ఆ కాగితం సి షార్ప్‌లో రాస్తే 7 షార్పులు, డి ఫ్లాట్‌లో రాస్తే 5 ఫ్లాట్లు. మోగేది రెండూ ఒకటే. కంప్యూటర్ దానికి తోచింది ముద్రించి ఇస్తుంది. 7 షార్పులు కనబడితే మొహమాటపడకుండా తిరగరాయించు.

నీ వయొలిన్ స-ప-స-ప మీద ఉంది. అక్కడ అందరూ జి, డి, ఎ, ఇ. ఐదున్నరకి కట్టిన వయొలిన్‌ని అటు మార్చాలంటే కింది రెండు తీగలు అర స్వరం దిగాలి, పై రెండు అర స్వరం ఎక్కాలి. తిప్పడం నిమిషంలో అయిపోతుంది గానీ తీగ కుదురుకోవడానికి రోజు, రెండు రోజులు పడుతుంది. అందుకని వారం ముందు నుంచే ఆ శ్రుతిలో ఉంచు, సాధన కూడా అందులోనే చెయ్యి. కొత్త తీగలు వేయాలనుకుంటే మూడు నాలుగు రోజుల ముందే వెయ్యి, ముందు రోజు మాత్రం వద్దు. ఫోనులో ఉన్న ట్యూనర్ ఒకసారి చూసుకో. కొన్ని ఎ స్వరాన్ని 442 హెర్ట్జ్ మీద పెట్టుకుని ఉంటాయి. కీబోర్డు 440 మీద ఉంటే నీకూ దానికీ 8 సెంట్ల తేడా, అంటే అర స్వరంలో పన్నెండో వంతు. ఒక్కదానివే వాయిస్తే ఎవరికీ తెలియదు, పదిమందిలో పులుపు తగులుతుంది.

ఇక రాగాలు. మోహన, హంసధ్వని లాంటివి ఇబ్బంది పెట్టవు. తోడి వచ్చిందంటే జాగ్రత్త. గాయని గాంధారం ఊగుతూ ఉంటుంది, కీబోర్డు గాంధారం మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది, మధ్యలో మీ వరస దేన్ని పట్టుకోవాలి? రెండూ వద్దు. అలాంటి చోట తీగవాద్యాలకి షడ్జమం, పంచమం నిలిపి పట్టుకోవడమే మర్యాద. సంగీత దర్శకుడు అక్కడ గాంధారం రాసుంటే, మీ వరస పెద్ద చేత రిహార్సల్‌లోనే అడిగించు. ఇంటర్లూడ్‌లో, అంటే పాట మధ్య వాద్యాలే మోగే చోట, మీరే రాగం వాయించాల్సి వస్తే ఏ స్వరానికి గమకం, ఎన్ని ఊపులు అన్నది వరసంతా కూర్చుని ఒప్పుకోవాలి. నీకు వచ్చిన గమకం అందరికన్నా బాగుండొచ్చు. అయినా అందరూ ఒప్పుకున్నదే వెయ్యి.

కమాను దిశ కూడా అంతే. పైకా కిందకా అన్నది వరస పెద్ద చెబుతుంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. పెన్సిల్ 2బి తీసుకెళ్ళు, పెన్ను వద్దు, ఆఖరి గంటలో మార్పులు వస్తాయి. 11 కమానులు కిందికి పోతుంటే ఒక్కటి పైకి పోవడం హాల్లో వాళ్ళకి కనబడదు. కెమెరా మాత్రం సరిగ్గా దాన్నే చూపిస్తుంది.

క్లిక్ గురించి ఎవరూ సరిగా చెప్పరు, అందుకని వివరంగా రాస్తున్నా. లాప్‌టాప్‌లో కొన్ని ట్రాకులు ముందే పెట్టుకుని ఉంటారు, వాటితో పాటు చెవిలో టక్ టక్ అని క్లిక్ వస్తుంది. నిమిషానికి 96 దెబ్బల పాట అనుకో. నాలుగు దెబ్బల బారు రెండున్నర సెకన్లు, 8 బార్ల ఇంటర్లూడ్ 20 సెకన్లు. ఈ లెక్క కట్టి పెట్టుకుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో, ఎక్కడ కాగితం తిప్పొచ్చో తెలుస్తుంది. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకో, రెండో చెవిని పక్కవాళ్ళకి వదులు. వయొలిన్ ఎడమ చెవి కింద ఉంటుంది కాబట్టి చాలామంది క్లిక్‌ని కుడి చెవికి పెట్టుకుంటారు. శబ్దం మరీ పెంచితే అది నీ మైకులోకి కారి, పాట నెమ్మదించిన చోట టీవీలో టక్ టక్ వినబడుతుంది.

చెవిలో క్లిక్ లేని పాటల్లో హాలు స్పీకర్లని నమ్మి వాయించొద్దు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న వెనక గోడని తాకి తిరిగొచ్చేసరికి 0.18 సెకను అవుతుంది. 96 దెబ్బల పాటలో దెబ్బకి నాలుగో వంతు 0.16 సెకను కూడా లేదు. అంటే ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటే పావు దెబ్బ పైనే వెనకపడతావు. నీ ముందున్న మానిటర్ స్పీకర్‌నీ, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చేతినీ నమ్ము.

అసలు గండం ఎక్కడుందంటే, జనం చప్పట్లు కొడితే గాయని మురిసి పల్లవి ఇంకోసారి ఎత్తుకుంటుంది. లాప్‌టాప్‌కి మురిసిపోవడం తెలియదు, అది చరణానికి వెళ్ళిపోతుంది. అప్పుడు ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకో. సాధారణంగా కండక్టర్ సైగ చేస్తాడు, లాప్‌టాప్ ఆపేస్తారు, తాళవాద్యాలు పాటని పట్టుకుంటాయి, మీరు కమాను తీగ మీద నుంచి లేపి ఆగుతారు. వేలు గుండ్రంగా తిప్పితే మళ్ళీ మొదటికి, పిడికిలి బిగిస్తే ముగింపు అన్నది చాలామంది వాడే సైగ. అయినా ఈ కండక్టర్ ఏది వాడతాడో అడుగు. అనుమానం వస్తే వాయించకు. 12 మందిలో ఒకరు రెండు బార్లు ఊరుకుంటే ఎవరికీ తెలియదు, తప్పు బారులో ఒకరు దూరితే అందరికీ తెలుస్తుంది.

క్లిప్ మైకు వయొలిన్ పక్క అంచుకి తగిలిస్తారు, దాని మెడ వంచి బ్రిడ్జి వైపు చూపిస్తారు. సౌండ్ చెక్ అయ్యాక దాన్ని వేలితో కూడా తాకొద్దు. ఒక్క అంగుళం జరిగినా లెవెలు మారుతుంది, బయట ఓబీ వ్యాన్‌లో (టీవీ ప్రసారం చూసుకునే బండిలో) కూర్చున్నతను నిన్ను వెతుక్కుంటూ ఉంటాడు. వైర్‌లెస్ ప్యాకు ఇస్తే నడుముకి పక్కగా పెట్టించుకో, వెనక పెడితే కుర్చీకి తగిలి డబడబమంటుంది. కార్యక్రమానికి ముందు బ్యాటరీలు కొత్తవి వేయమని అడగడానికి సిగ్గుపడకు. ఇంకో సంగతి, హాలుకి కలిపే శబ్దం వేరు, టీవీకి కలిపేది వేరు. హాల్లో వినబడని గుసగుస, కుర్చీ కిర్రుమనడం, కాగితం గరగరలాడడం టీవీకి వెళ్ళిపోతాయి. కుర్చీ మధ్యాహ్నమే కూర్చుని చూసుకుని, కిర్రుమంటే మార్పించు.

సౌండ్ చెక్‌లో చాలామంది మెల్లగా వాయించి, రాత్రికి గట్టిగా వాయిస్తారు. అలా చెయ్యొద్దు. పాటల్లో అన్నింటికన్నా గట్టి చోటు ఎంచుకుని రాత్రి వాయించినంత గట్టిగా వాయించు. నీ వంతు అయ్యాక తీగ ముట్టుకోకు. ఫ్లూట్ చెక్ జరుగుతుంటే వెనక నుంచి ఎవరో సాధన చేస్తుంటే సౌండ్ ఇంజనీరుకి వచ్చే కోపం న్యాయమైనదే.

చీర సంగతి మీ అత్త చెప్పమంది. పైట వేసేది ఎడమ భుజం మీద, వయొలిన్ కూర్చునేది కూడా అక్కడే. కుచ్చిళ్ళు సన్నగా పెట్టి రెండు పిన్నులు కొట్టు, ఒకటి భుజం మీద, ఒకటి కాస్త వెనక. జరీ మీద షోల్డర్ రెస్ట్ కాళ్ళు జారతాయి, గీరుకుంటాయి కూడా. భుజం దగ్గర జరీ లేని చీర, వీలైతే నూలుది కట్టు. సన్నటి గళ్ళు, సన్నటి చారలు కెమెరాలో అలలు అలలుగా మెరుస్తాయి. తళతళలాడే తెల్ల చీర లైట్ల కింద వెలిసిపోతుంది. గాజులు రెండు చేతులకీ తీసేయి, కుడిచేతివి కమానుతో పాటు మోగుతాయి. అమ్మ బాధపడితే కార్యక్రమం అయిన వెంటనే వేసుకుంటానని చెప్పు. ఇంటి దగ్గర ఆ చీరతోనే గంటసేపు వాయించి చూడు, ఆ రోజు మొదటిసారి కట్టొద్దు.

కాగితాలకి ప్లాస్టిక్ కవర్లు వేయకు, లైటు పడితే అక్షరం కనబడదు. నల్ల అట్టకి అంటించు. ఒక స్టాండుకి ఇద్దరు కూర్చుంటే జనం వైపున్న మనిషి వాయిస్తూనే ఉంటుంది, లోపలి మనిషి తిప్పుతుంది. నువ్వు లోపలైతే తిప్పే చోటికి రెండు బార్ల ముందు పెద్ద గుర్తు పెట్టుకో.

ఎప్పుడైనా కొండ మీద నాదనీరాజనం వేదిక మీద కూర్చోమంటే అక్కడి లెక్కలు వేరు. ఆరుబయట గాలికి స్టాండుకి నాలుగు బట్టల క్లిప్పులు తప్పవు. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. కింద ఎండలో నుంచి ఘాట్ రోడ్డెక్కి చల్లటి మంచులోకి వెళ్తే బిరడాలు (తీగలు బిగించే మరలు) జారతాయో బిగుస్తాయో చెప్పలేం. అరగంట ముందే పెట్టె తెరిచి గాలికి అలవాటు చెయ్యి. తేమకి కమాను వెంట్రుక సాగుతుంది, ఇంకో చుట్టు బిగించాల్సి వస్తుంది. బిరడా జారితే దానికి కొంచెం సుద్ద రుద్దు. మహతిలో దీనికి తలకిందులు. ఏసీలో శ్రుతి చేసిన తీగలు లైట్ల వేడికి దిగిపోతాయి. లైట్లన్నీ వేసి పది నిమిషాలయ్యాక మళ్ళీ చూసుకో.

ఇ తీగలు రెండు, ఎ ఒకటి పెట్టెలో ఉండాలి, అవీ కొన్నాళ్ళు వాడి తీసిపెట్టినవి. కొత్త తీగ వేస్తే పాట అయ్యేదాకా దిగుతూనే ఉంటుంది. పాట మధ్యలో తెగితే లేవకు, మొహం మార్చకు. కమాను తీగలకి తగలకుండా అందరితో పాటు ఆడించు, పాట అయ్యాక మార్చుకో.

రికార్డింగ్ అయితే ఒక ముక్క మళ్ళీ తీస్తారు. ఏ బారు నుంచో విని రాసుకో. మొదటిసారి ఎలా కూర్చున్నావో అలాగే కూర్చోవాలి. నీళ్ళ సీసా ముందు కాళ్ళ దగ్గరుంటే ఇప్పుడూ అక్కడే ఉండాలి, లేకుంటే టీవీలో సీసా గాలిలో మాయమవుతుంది.

డబ్బు సంగతి రిహార్సల్‌కి ముందే తేల్చుకో. మద్రాసు నుంచి వచ్చేవాళ్ళు కాల్షీట్ లెక్కన మాట్లాడుకుంటారు, ఊళ్ళోవాళ్ళం మొహమాటపడి నష్టపోతాం. ఎన్ని గంటలకి ఎంత, రిహార్సల్ అందులోనా వేరేనా, రాత్రి ఆలస్యమైతే ఎంత, టీడీఎస్ పోగా చేతికొచ్చేది ఎంత అన్న నాలుగూ ఫోనులో మెసేజ్‌గా రాయించుకో.

గాయని రాగానే ఒక నమస్కారం చాలు. ఫోటోలు, పాత పాటల పొగడ్తలు అన్నీ కార్యక్రమం అయ్యాకే. ఏదైనా అడగాలంటే వరస పెద్దకి చెప్పు, ఆయన కండక్టర్‌కి చెబుతాడు.

చివరి పాట అయినా ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఊపేదాకా కదలొద్దు, చప్పట్ల మీద పేర్లు వేస్తుంటారు, కెమెరాలు తిరుగుతూనే ఉంటాయి. తర్వాత మైకుని వైరు పట్టి లాగకుండా క్లిప్పు విప్పి ఆ అబ్బాయి చేతికే ఇవ్వు. కమాను వదులు చేసి, తీగల మీది రోజిన్ పొడి గుడ్డతో తుడిచి పెట్టె మూసెయ్యి. బయట ఆటో దొరకదు, మీ నాన్నని పదిన్నరకే వచ్చి ఉండమను.

మీ మామ