ఏఐని ఒక ప్రశ్న అడిగితే అర లీటరు నీళ్లు పోతాయా? విశాఖ డేటా సెంటర్‌తో నీటికి ఇబ్బందేనా?

మీరు అడిగినవి రెండూ వేరు వేరు ప్రశ్నలండీ. ఫోన్‌లో మనం వాడుకునేది ఒకటి, ఒక ఊళ్లో డేటా సెంటర్ (వేల కంప్యూటర్లు ఒకేచోట నడిచే కేంద్రం) కట్టడం ఇంకొకటి. నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ప్లాంట్ నడిపేవాణ్ణి. కంప్రెసర్లు, కూలింగ్ టవర్లు, కరెంటు బిల్లులతోనే నా బతుకు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అర లీటరు మాట 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (రివర్‌సైడ్) పరిశోధకులు వేసిన అంచనా నుంచి వచ్చింది. అది ఒక్క ప్రశ్నకు కాదు, పది నుంచి యాభై జవాబులకు కలిపి. అందులో కరెంటు తయారీకి పట్టే నీళ్లు కూడా ఉన్నాయి. 2025 ఆగస్టులో గూగుల్ తన ఏఐ జెమినై గురించి చెప్పిన లెక్క చాలా తక్కువ: మామూలు రాత ప్రశ్నకు 0.24 వాట్ అవర్ కరెంటు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్), 0.26 మిల్లీలీటర్ల నీళ్లు. కానీ విద్యుత్ కేంద్రం దగ్గర ఖర్చయ్యే నీళ్లు అందులో లేవు, మోడల్‌కు శిక్షణ ఇచ్చిన ఖర్చూ లేదు. ఎలా చూసినా, ఇంట్లో ఏసీ గంటసేపు తినే కరెంటుతో అలాంటి ప్రశ్నలు వేలల్లో అడగొచ్చు. కాబట్టి మీ పిల్లలు చదువు కోసం వాడుతుంటే టెన్షన్ పడకండి.

ఇక డేటా సెంటర్. ఇక్కడ మాత్రం ఆలోచించాలి. మా దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగి సరుకు ఒకసారి చల్లబడ్డాక మిషన్ల మీద భారం తగ్గుతుంది. డేటా సెంటర్‌లోని కంప్యూటర్లకు, అంటే సర్వర్లకు, ఆ విరామం లేదు. వాటికి మిర్చికి కావలసినంత చలి అక్కర్లేదు, 27 డిగ్రీల గాలి తగిలినా పనిచేస్తాయి. కానీ లాగిన కరెంటంతా వేడిగా మారి పగలూ రాత్రీ వస్తూనే ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు నుంచి వచ్చే వేడిని నీటి ఆవిరితో బయటికి పంపాలంటే సుమారు లీటరున్నర నీళ్లు కావాలి. విశాఖకు 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది గిగావాట్ (వెయ్యి మెగావాట్ల) స్థాయి కేంద్రం. అంత వేడినీ ఆవిరితోనే చల్లార్చాలంటే రోజుకు దాదాపు 3.6 కోట్ల లీటర్లు అవుతుంది.

అదీ ఆవిరయ్యేవి మాత్రమే. నీళ్లు ఆవిరైపోయినా ఉప్పు కూలింగ్ టవర్‌లోనే మిగిలిపోతుంది. మా బోరు నీళ్లు అసలే ఉప్పన. కొంత నీటిని వదిలేసి కొత్త నీళ్లు పెట్టకపోతే వేడిని వదిలే కండెన్సర్ ట్యూబులకు పొర కట్టి, ప్రెజర్ పెరిగి, కరెంటు ఇంకా లాగుతుంది. ఇది నేను ప్రతి ఎండాకాలం చూసేదే.

అయితే నీళ్లే వాడకుండా గాలితో చల్లార్చొచ్చు. చాలామంది ఈ మాట వినగానే సమస్య తీరిపోయిందనుకుంటారు. తీరదండీ. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే ఆ పద్ధతిలో కంప్రెసర్లు, ఫ్యాన్లు చాలా ఎక్కువ కరెంటు తింటాయి. మన రాష్ట్రంలో రాత్రిపూట కరెంటుకు బొగ్గు ఇంకా ముఖ్యం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నడిచేది బొగ్గుతో, వాడుకునేది కృష్ణ నీళ్లు. అంటే విశాఖలో మిగిల్చామన్న నీళ్లు కొంత వరకు కృష్ణ ఒడ్డున ఖర్చవుతాయి, పైగా బూడిద, పొగ. పగలు సోలార్ బాగానే ఉంటుంది, రాత్రికి బ్యాటరీలైనా, పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడిపెట్టి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం) అయినా లేకపోతే మళ్లీ బొగ్గే.

ప్రపంచం మొత్తం మీద 2024లో డేటా సెంటర్లు వాడింది సుమారు 415 టెరావాట్ అవర్లని (ఒక టెరావాట్ అవర్ అంటే వంద కోట్ల యూనిట్లు), 2030కి అది 945 దాకా వెళ్లొచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మొత్తం కరెంటులో 1.5 శాతమే అంటారు గానీ, ఆ భారం ప్రపంచమంతటా సమానంగా పడదు, కట్టిన ఊళ్ల మీద పడుతుంది.

నేను డేటా సెంటర్ వద్దనడం లేదు. మన పిల్లలకు పని కావాలి. కానీ కంపెనీ 'నీళ్లు వాడం' అంటే కరెంటు ఎంతో అడగండి, 'కరెంటు తక్కువ' అంటే నీళ్లెన్నో అడగండి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి. ఏడాది సగటు ఇస్తే ఒప్పుకోకండి, చలికాలం అంకెలు కలిసి అది చిన్నగా కనిపిస్తుంది. మే నెల లెక్క విడిగా కావాలి. నీళ్లు తాగునీటి రిజర్వాయర్ నుంచా, శుద్ధి చేసిన మురుగునీరా అన్నది కూడా రాసివ్వాలి. శుద్ధి చేసిన మురుగునీటితో కూలింగ్ టవర్ నడపడం కష్టమేమీ కాదు, శుద్ధికి ఖర్చవుతుంది అంతే. ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి.